టెన్‌పిన్ బౌలింగ్‌లో రిలీజ్ కుదరాలంటే: ముందు బొటనవేలు, తర్వాతే మిగతా వేళ్ళు

నేను చెప్పేది క్రికెట్ గురించి కాదు, మూడు రంధ్రాల బరువైన బంతిని లేన్ మీద దొర్లించి చివరనున్న పది పిన్నుల్ని పడగొట్టే ఆట గురించి. రిలీజ్ అంటే బంతిని చేతినుంచి వదిలే తీరు. హుక్, అంటే చివర్లో పక్కకి వంగే బంతి పడాలంటే మణికట్టు తిప్పాలని, ఆట మొదలుపెట్టిన కొత్తలో ఎవరో ఒకరు చెబుతారు. నాకూ చెప్పారు. రెండేళ్ళపాటు గుండ్రటి తలుపు పిడి తిప్పినట్టు ప్రతి బంతినీ తిప్పాను. ఒకటి లేన్ పక్కనుండే కాలువలో, అంటే గట్టర్‌లో పడేది. ఒకటి అన్నిటికన్నా ముందుండే హెడ్ పిన్‌ని తాకకుండా ఎడమపక్కకి కొట్టుకుపోయేది. మూడోది ఎలాగో పది పిన్నుల్నీ ఒకేసారి పడగొట్టి స్ట్రైక్ అయ్యేది. నన్ను చెడగొట్టింది ఆ మూడోదే. దాన్ని చూసి మురిసిపోయి తిప్పడం మానలేదు.

చివరికి ఒక కోచ్ నా వెనక నిలబడి పది బంతులు చూసి ఒకే ప్రశ్న వేశాడు: "మీ బొటనవేలు ఎప్పుడు బయటికొస్తోంది?" నా దగ్గర జవాబు లేదు. అంతవరకూ ఆ సంగతి ఆలోచించనే లేదు. బొటనవేలు ముందు వచ్చేస్తే మధ్యవేలు, ఉంగరపువేలు ఇంకో లిప్తపాటు బంతిలోనే ఉంటాయి. బంతికి తిరుగుడు ఇచ్చేది ఆ లిప్తపాటే. మూడు వేళ్ళూ ఒకేసారి బయటపడితే చెయ్యి ఎంత తిప్పినా దండగ. మీరు కింద చదవబోయే పనులన్నీ ఆ బొటనవేలు సులువుగా, ముందుగా బయటికి రావడం కోసమే.

లెక్కలన్నీ కుడిచేతివాటానికి చెబుతున్నాను. ఎడమచేతివాటం వాళ్ళు అద్దంలో చూసినట్టు మార్చుకోండి. కింద గడియారం పోలిక వచ్చినప్పుడు 11 అన్నచోట 1, 5 అన్నచోట 7.

అసలు ఈ తిరుగుడు దేనికి

బంతి వేసేటప్పుడు మన కాలు దాటకూడని గీత ఫౌల్ లైన్. అక్కడి నుంచి హెడ్ పిన్ దాకా 60 అడుగులు. లేన్ వెడల్పు 41 అంగుళాల పైచిలుకు, అందులో 39 సన్నటి పలకలు. స్ట్రైక్ కోసం బంతి పడాల్సింది 1వ పిన్‌కి (అదే హెడ్ పిన్), దాని వెనక కుడిపక్కనున్న 3వ పిన్‌కి మధ్య సందులోకి. దీన్నే పాకెట్ అంటారు. లేన్ అంచు నుంచి తిన్నగా వేసినా బంతి పాకెట్‌లోకి వెళ్ళే కోణం రెండు డిగ్రీలకి చేరదు. అమెరికా బౌలింగ్ సమాఖ్య యూఎస్‌బీసీ చేసిన పరీక్షల్లో స్ట్రైక్‌కి బాగా కలిసొచ్చింది దాదాపు ఆరు డిగ్రీల కోణం. తిన్నగా పోయే బంతికి ఆ కోణం ఏ మూల నుంచి వేసినా రాదు. బంతి చివర్లో వంగి తీరాలి.

వంగడం చివర్లోనే ఎందుకంటే, లేన్ మీద మొదటి 40 అడుగుల దాకా, కాస్త అటూ ఇటూగా నూనె ఉంటుంది. అక్కడ బంతి దొర్లదు, జారుతుంది. మిగతా ఇరవై అడుగుల పొడి భాగం మీద పట్టు దొరికి మలుపు తిరుగుతుంది. గంటకి 17 మైళ్ళ వేగంతో వేసిన బంతి పిన్నుల్ని చేరడానికి రెండున్నర సెకన్లు పడుతుంది. నిమిషానికి 300 చుట్ల తిరుగుడుతో చెయ్యి వదిలిన బంతికి ఆ కాస్తలో దక్కేవి పన్నెండో పదమూడో చుట్లు. బంతి చుట్టుకొలత 27 అంగుళాలు కాబట్టి, అదే వేగంతో అసలు జారకుండా దొర్లాలంటే నిమిషానికి 650కి పైగా తిరగాలి. అంటే మన చేతి నుంచి వెళ్ళే బంతి సగం తిరుగుడుతో, సగం జారుడుతో వెళుతుంది. చుట్లు ఎన్ని అన్నది ఒక ఎత్తు, ఏ దిక్కుగా తిరుగుతోంది అన్నది ఇంకో ఎత్తు. మణికట్టు మెలితిప్పితే పాడయ్యేది ఆ దిక్కే.

మొదటి పని: బంతి మీ చేతికి సరిపోతోందా చూడండి

దీన్ని దాటేసి నేరుగా సాధనకి వెళ్ళాలనిపిస్తుంది. వెళ్ళకండి. రిలీజ్ బాగోలేదని వచ్చేవాళ్ళలో చాలామందికి అసలు తగాదా రంధ్రాలతోనే.

బొటనవేలిని మొదలంటా లోపలికి పెట్టండి. చుట్టూ మెల్లగా రాసుకోవాలి, బిగిసిపోకూడదు. బంతిని రెండో చేత్తో పట్టుకుని వేలు బయటికి లాగండి. "టప్" అని శబ్దం వస్తే బిగువు ఎక్కువ. వేలు లోపల అటూ ఇటూ ఆడుతుంటే వదులు. వదులుగా ఉండటం మంచిదేగా, సులువుగా వచ్చేస్తుంది అనుకుంటారు. జరిగేది తలకిందులు. బంతి జారిపోతుందన్న భయంతో మీకు తెలియకుండానే వేలు వంచి పిండేస్తారు. వంగిన వేలు కొక్కెం లాంటిది. ఎంత పెద్ద రంధ్రమైనా దాన్ని వదలదు.

తర్వాత బొటనవేలు లోపలే ఉంచి మిగతా రెండు వేళ్ళని రంధ్రాల మీద పరచండి. అద్దెకిచ్చే బంతుల్లో పట్టు సాధారణంగా రెండో కణుపు దాకా ఉంటుంది. ఆ కణుపు గీత రంధ్రం దగ్గరి అంచుని కొద్దిగా దాటి పడాలి. సొంతంగా రంధ్రాలు వేయించుకున్న ఫింగర్‌టిప్ బంతిలో వేళ్ళు మొదటి కణుపు దాకానే వెళతాయి. బొటనవేలికీ వేళ్ళకీ మధ్య దూరాన్ని స్పాన్ అంటారు. స్పాన్ ఎక్కువైతే అరచెయ్యి సాగి బొటనవేలి మొదట్లో నొప్పి పుడుతుంది. తక్కువైతే అరచేతికీ బంతికీ మధ్య పెద్ద ఖాళీ ఏర్పడి, పట్టు కోసం మళ్ళీ పిండుతారు. ఆ ఖాళీలో ఒక పెన్సిల్ దూరితే చాలు.

రంధ్రం ఏ కోణంలో వేశారన్నదీ ముఖ్యమే. దాన్ని పిచ్ అంటారు. బొటనవేలి రంధ్రం అరచేతి వైపు వాలి ఉంటే వేలిని ఎక్కువసేపు పట్టుకుంటుంది, బయటివైపు వాలితే త్వరగా వదులుతుంది. బొటనవేలు వెనక్కి ఎంత వంగుతుందన్నది మనిషికో తీరు కాబట్టి, స్నేహితుడి బంతి కొలతలు మీకు పనికిరావు. బంతికి రంధ్రాలు వేసేవాడి దగ్గర పది నిమిషాలు ఎక్కువ కూర్చోండి. మీరు ఎలా వేస్తారో అతను చూడకుండా వేసిన రంధ్రాలు చాలాసార్లు మళ్ళీ పూడ్చాల్సి వస్తుంది.

ఇంకో సంగతి. బొటనవేలు రోజంతా ఒకే లావు ఉండదు. ఆడుతుంటే ఉబ్బుతుంది, చల్లటి గదిలో సన్నబడుతుంది. అందుకే రంధ్రంలో అతికించే బౌలింగ్ టేపు సంచిలో ఎప్పుడూ ఉండాలి. వదులనిపిస్తే ఒక పొర, బిగుసుకుంటే ఒక పొర తీసేయడం. ఒకేసారి మూడు పొరలు వేసి చూడకండి, ఏది పనిచేసిందో తెలియదు.

బరువు విషయంలో బింకం వద్దు. బంతి 16 పౌండ్లు దాటకూడదని నియమం, 16 పౌండ్లదే వేయాలని కాదు. చెయ్యి చాచి వేలాడదీసినప్పుడు భుజం కిందికి లాగేస్తుంటే రెండు పౌండ్లు తగ్గించండి. మోయలేని బంతిని ఎవరైనా పిండే పట్టుకుంటారు.

రెండో పని: పిండడం మానండి

బంతిని ఎడమచేతి మీద ఆనించి, కుడిచేతి వేళ్ళు పెట్టండి. ముందు మధ్యవేలు, ఉంగరపువేలు, చివర్న బొటనవేలు. కొత్తవాళ్ళు బొటనవేలితో మొదలుపెట్టి, మిగతావి సాగదీసి పెడతారు. ఆ క్రమంలో బొటనవేలు సగమే దిగుతుంది, మధ్యలోనే బిగుస్తుంది.

బొటనవేలు నిటారుగా, దాని మెత్తటి భాగం రంధ్రం గోడకి ఆనీ ఆననట్టు ఉండాలి. బలమంతా ఆ రెండు వేళ్ళ కొసల్లో ఉండాలి. పిచ్చుకని పట్టుకున్నప్పుడు ఎగిరిపోకూడదు, నలిగిపోకూడదు చూడండి, అంతే పట్టు. పిండుతున్నారో లేదో తేల్చుకోవడానికి ముంజేయి చూసుకోండి. నరాలు పైకి తేలి, కండ రాయిలా ఉంటే పిండుతున్నట్టే.

చేతి మీద కాయలూ ఇదే సంగతి చెబుతాయి. బొటనవేలి కణుపు వెనకపక్క చర్మం కమిలితే వేలు వంగుతోంది. వేలి మొదట్లో, అరచేతి అంచున రాపిడి ఉంటే స్పాన్ అనుమానించాలి. వేలి పక్కన తిమ్మిరిగా, మొద్దుబారినట్టు ఉంటే మాత్రం కాయ అని కొట్టిపారేయకండి. రంధ్రం అంచు అదేపనిగా నొక్కడం వల్ల బొటనవేలి నరం దెబ్బతినే జబ్బు ఒకటి ఉంది. డాక్టర్లు దాన్ని బౌలర్స్ థంబ్ అనే పిలుస్తారు. ఆట ఆపి చూపించుకోండి, రంధ్రం అంచు నున్నగా చేయించండి.

మూడో పని: నిలబడ్డప్పుడే చెయ్యి సర్దుకోండి

బంతిని మీ ఎదుట ఉన్న గడియారం ముఖం అనుకోండి, మీరు వెనకనుంచి చూస్తున్నారు. బొటనవేలు 12 దగ్గర, వేళ్ళు 6 దగ్గర ఉంటే బంతి తిన్నగా దొర్లుతుంది. బొటనవేలు 11 వైపుకి, వేళ్ళు 5 వైపుకి కొద్దిగా జరిగితే హుక్‌కి కావాల్సిన కోణం వచ్చేస్తుంది. మొదట్లో ఇంతకన్నా అక్కర్లేదు. 10, 4 దాకా వెళ్ళడం తర్వాతి సంగతి. బొటనవేలు 1 వైపుకి వాలితే బంతి కుడివైపు వంగుతుంది, దాన్ని బ్యాకప్ బాల్ అంటారు. మీ బంతి కారణం లేకుండా కుడికి పోతుంటే ముందు ఇదే చూసుకోండి.

మోచేయి పక్కటెముకలకి ఆనుకుని ఉండాలి. మోచేయి బయటికి పోతే అరచెయ్యి బంతి పక్కకి, ఆపైన పైకి వచ్చేస్తుంది. అక్కడినుంచి మంచి రిలీజ్ అసాధ్యం. మణికట్టు ముంజేయికి తిన్నగా ఉంచండి. దోసిలిలా లోపలికి వంచితే బంతి వేళ్ళ మీద ఎక్కువసేపు నిలిచి చుట్లు పెరుగుతాయి. వెనక్కి పడిపోతే వేళ్ళు బంతి కిందనుంచి ముందే తప్పుకుని చుట్లు తగ్గుతాయి. టీవీలో పెద్ద ఆటగాళ్ళ దోసిలి చూసి మొదటి రోజే వంచాలని చూడకండి. 15 పౌండ్ల బంతిని వంచిన మణికట్టు మీద ఊపడానికి ఏళ్ళు పడుతుంది. తిన్న మణికట్టుతో చక్కగా ఆడేవాళ్ళు బోలెడంతమంది. మణికట్టు నిలవకపోతే రిస్ట్ సపోర్ట్ కట్టుకోవచ్చు, నామోషీ ఏమీ లేదు. కాకపోతే దాన్ని కట్టుకుని పిండడం మొదలుపెడితే ఉపయోగం సున్నా.

చూపుడువేలు, చిటికెనవేలు ఎక్కడ పెట్టాలన్నది జనం గంటలకొద్దీ వాదించుకునే విషయం. చూపుడువేలు కాస్త ఎడంగా పెడితే బంతి నిలకడగా ఉంటుందని నా అనుభవం. చిటికెనవేలు నేను ముడుస్తాను, మీరు ముడవకపోయినా కొంప మునగదు.

నాలుగో పని: ఊపు ఊయలకి వదిలేయండి

భుజం కొక్కెం, చెయ్యి తాడు, బంతి ఊయల. వెనక్కి వెళ్ళింది తన బరువుతో తనే కిందికి రావాలి. మీరు దాన్ని లాగి వేగం పెంచాలని చూస్తే భుజం ముందుకి తిరిగి, చెయ్యి ఒంటికి అడ్డంగా వచ్చేస్తుంది. వేగం కావాలంటే బంతిని నిలబడ్డప్పుడు ఇంకాస్త ఎత్తులో పట్టుకోండి, లేదా అడుగులు చురుగ్గా వేయండి.

ఊపు కిందికి వచ్చేటప్పుడు చెయ్యి బంతి వెనక, కొంచెం లోపలి పక్కన ఉండాలి. లోపలి పక్క అంటే మీ కాళ్ళ వైపు. మణికట్టు తిప్పేవాళ్ళందరూ దొరికిపోయేది ఇక్కడే. చీలమండ దగ్గర జరగాల్సిన కొద్దిపాటి తిరుగుడుని మోకాలి వెనకనే మొదలుపెట్టేస్తారు. బంతి చీలమండ దాటే సమయానికి చెయ్యి బంతి పైకి ఎక్కేసి ఉంటుంది, వేళ్ళకి ఇక పని మిగలదు.

ఐదో పని: రిలీజ్

ఇదంతా సెకనులో వందో వంతుల లెక్క. జరుగుతుండగా ఆలోచించి చేయలేరు. అందుకే పైన అంత చెప్పాను. ముందు పనులు కుదిరితే ఇక్కడ మీరు చేయాల్సింది చాలా తక్కువ.

చివరి అడుగులో ఎడమకాలు జారుతుంది, మోకాలు వంగుతుంది, నడుము కిందికి దిగుతుంది. కుడికాలు వెనకనుంచి ఎడమవైపుకి వెళ్ళి ఊపుకి దారి ఇస్తుంది. బంతి ఎడమ చీలమండ పక్కకి వచ్చినప్పుడు ఊపు అట్టడుగున ఉంటుంది. బొటనవేలు జారిపోవాల్సిన చోటు అదే. మీరు తీయక్కర్లేదు. పిండకపోతే బంతి బరువే దాన్ని వదిలించుకుంటుంది. ఇప్పుడు బంతి రెండు వేళ్ళ మీద ఉంది. అరచెయ్యి పైకి చూస్తూ ఉన్నది కరచాలనం ఇచ్చే చెయ్యిలా పక్కకి వస్తుంది. వేళ్ళు బంతి వెనకనుంచి పక్కగా దాన్ని లేపుతూ బయటపడతాయి. తిరుగుడు మొత్తం గడియారంలో పావు వంతుకి మించదు. నా మాట నమ్మకపోతే పెద్ద ఆటగాళ్ళ రిలీజ్‌ని స్లో మోషన్‌లో చూడండి. మామూలు వేగంలో మెలితిప్పినట్టు కనిపించేది చాలావరకు ముంజేయి సహజంగా చేసే కదలికే.

బంతి ఫౌల్ లైన్ దాటి అడుగో, అడుగున్నరో అవతల మెల్లగా వాలాలి. "ధబ్" అని పడితే బొటనవేలు ఆలస్యమైనట్టు, లేదా మోకాలు వంగనట్టు. లైన్‌కి ఇవతలే మీ పాదం పక్కన పడితే బంతి ముందే జారిపోయింది. రంధ్రం వదులుగా ఉందేమో చూసుకోండి.

తర్వాత చెయ్యి ఆపకండి. మోచేయి వంగి, చెయ్యి గురి వైపుకి లేచి భుజం ఎత్తుకి వచ్చేదాకా వెళ్ళాలి. ఆగినచోట బొటనవేలు ఎటు చూస్తోందో గమనించండి. ఆకాశం వైపో, మీ మొహం వైపో ఉంటే బాగుంది. నేల వైపు చూస్తుంటే చెయ్యి బంతి మీదకి ఎక్కేసింది. లేన్ మీద 12 నుంచి 16 అడుగుల మధ్య ఏడు బాణం గుర్తులు ఉంటాయి కదా, కళ్ళు పిన్నుల మీద కాకుండా వాటిలో ఒకదాని మీద ఉంచండి. తల లేపి పిన్నులు చూస్తే భుజం లేస్తుంది, భుజం లేస్తే వేళ్ళు ముందే బయటపడతాయి.

బంతిని అడగండి

తిరిగొచ్చిన బంతిని వెంటనే తుడవకండి. దాని మీద నూనె గీసిన గుండ్రటి చారలు ఉంటాయి. మొదటి చార రంధ్రాలకి ఎంత దూరంలో ఉందో చూడండి. బొటనవేలికీ వేళ్ళకీ మధ్యనుంచి వెళితే దాన్ని ఫుల్ రోలర్ అంటారు, ఈమధ్య అరుదు. రెంటికీ ఎడమపక్కన, అంగుళమో రెండంగుళాలో దూరంలో పెద్ద వలయం ఉంటే మంచి లక్షణం. బొటనవేలికి చాలా దూరంగా చిన్న వలయం ఉంటే బంతి బొంగరంలా తిరుగుతోందన్నమాట. మెలితిప్పినవాళ్ళ గుర్తు ఇది. బొంగరం తిరుగుడు చూడ్డానికి జోరుగా ఉంటుంది, పిన్నుల దగ్గర మాత్రం నీరసం. నా బంతి మీద రెండేళ్ళు ఆ చిన్న వలయమే ఉంది. ప్రతిసారీ శుభ్రంగా తుడిచేసేవాణ్ణి.

చుట్లు లెక్కపెట్టాలనుంటే వేళ్ళ రంధ్రాల పక్కన తెల్ల టేపు ముక్క అంటించి, సెకనుకి 240 ఫ్రేముల వీడియో తీయించండి. బంతి చెయ్యి వదిలాక టేపు ఒక చుట్టు పూర్తి చేయడానికి ఎన్ని ఫ్రేములు పట్టిందో లెక్కపెట్టి, 14,400ని ఆ సంఖ్యతో భాగించండి. 48 ఫ్రేములైతే నిమిషానికి 300 చుట్లు. ఆ సంఖ్య పెంచడమే పనిగా పెట్టుకోవద్దు. అదే వీడియోలో బొటనవేలు చీలమండ పక్కన బయటికొస్తోందా, దాటాక వస్తోందా అన్నది అంతకన్నా విలువైన సమాచారం.

సాధన

స్కోరు తెర చూడకుండా ఇవి చేయండి. కుదిరితే పిన్నులు వేయించకుండా చేయండి, ఇంకా మంచిది.

ఫౌల్ లైన్‌కి అడుగు వెనక, ఎడమకాలు ముందుకి పెట్టి మోకాలు వంచి నిలబడండి. అడుగులు వేయకుండా బంతిని ఒకసారి ముందుకీ వెనక్కీ ఊపి వదలండి. జోరు అక్కర్లేదు. బొటనవేలు జారిన క్షణం తెలియాలి, అంతే. కొంత తెలిసొచ్చాక ఒక్క అడుగు జారుడుతో చేయండి. ఇరవై బంతులకి తక్కువ కాకుండా. లైన్ దాటి నూనె తొక్కకండి. ఆ నూనె బూటుకి అంటుకుంటే తర్వాతి జారుడులో పడిపోయే ప్రమాదం ఉంది.

రెండోది బొటనవేలు పెట్టకుండా వేయడం. మీ బంతి కన్నా మూడు నాలుగు పౌండ్లు తేలికైనది తీసుకుని, రెండు వేళ్ళే పెట్టి, బంతిని ముంజేయికి ఆనించి దోసిలిలో మోస్తున్నట్టు ఊపండి. చెయ్యి బంతి పైకి ఎక్కితే బంతి చేతిలోంచి పడిపోతుంది, కాబట్టి తప్పు చేయడానికి వీల్లేదు. నాకు నేర్పింది ఎక్కువగా ఇదే. పది వేసి, వెంటనే బొటనవేలు పెట్టి మీ బంతి వేయండి. వేళ్ళలో అదే స్పర్శ వెతుక్కోండి.

ఇంట్లో చేయగలిగేది ఒకటుంది. కోలగా ఉండే రగ్బీ బంతిని కింది చేత్తో ఎదుటివాడికి విసరండి. అది గాల్లో గింగిరాలు కొట్టకుండా మరమేకులా తిరుగుతూ వెళ్ళాలంటే వేళ్ళు కిందనుంచి పక్కకి రావాలి. రిలీజ్‌లో వేళ్ళ పని సరిగ్గా అదే. మెలితిప్పితే బంతి వంకరటింకరగా పోతుంది, ఎవరూ చెప్పక్కర్లేదు.

వారానికి ఒక్కదాని మీదే ధ్యాస పెట్టండి. మోచేయి, మణికట్టు, బొటనవేలు అన్నీ ఒకే సాయంత్రం సరిచేద్దామని కూర్చుంటే నడక కూడా మర్చిపోతారు. ఓ నెలపాటు స్కోరు పడిపోతుంది. నాది బాగానే పడింది.

కుదిరాక మార్చుకోవడం

ఒకే రిలీజ్ అన్ని లేన్లకీ సరిపోదు. చెయ్యి బంతి వెనకే ఉండి, వేళ్ళు 6కి దగ్గరగా బయటపడితే బంతి ముందుకి ఎక్కువగా దొర్లుతుంది. త్వరగా పట్టు దొరికి, విల్లులా మెల్లగా వంగుతుంది. వేళ్ళు 4 వైపుకి పక్కగా వస్తే ఎక్కువదూరం జారి, చివర్లో చటుక్కున మలుపు తిరుగుతుంది. నూనె అరిగిపోయి బంతి ఎక్కడ మలుపు తిరుగుతుందో తెలియనప్పుడు మొదటిది కాస్త నెమ్మదిగా, ఊహించగలిగేలా ఉంటుంది. పక్కతిరుగుడు ఎక్కువుంటేనే గొప్ప ఆటగాడని అనుకునేవాళ్ళు వాల్టర్ రే విలియమ్స్ జూనియర్‌ని చూడాలి. దాదాపు తిన్నగా, ముందుకి దొర్లే బంతితో అమెరికా ప్రొఫెషనల్ బౌలర్ల పోటీలైన పీబీఏ టూర్‌లో 47 టైటిళ్ళు గెలిచాడు. ఆయన గుర్రపునాడాలు గురిపెట్టి విసిరే ఆటలోనూ ప్రపంచ ఛాంపియన్. చెయ్యి తిన్నగా ఊగడం ఎక్కడ నేర్చుకున్నాడో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఇక రెండు చేతులతో వేసేవాళ్ళు. ఆస్ట్రేలియాకి చెందిన జేసన్ బెల్మాంటే ఇలాగే ఆడి, మరెవరికీ లేనన్ని మేజర్ టైటిళ్ళు గెలిచాడు. అతను బొటనవేలు అసలు పెట్టడు కాబట్టి ఈ వ్యాసంలో సగం బాధ అతనికి లేదు. వదిలే ముందు ఎడమచెయ్యి తప్పుకుంటుంది, చివరి క్షణంలో ఉండేది కుడిచేతి రెండు వేళ్ళే. అక్కడ కూడా చెయ్యి బంతి వెనకే ఉండాలి, పైకి ఎక్కకూడదు. ఆ పద్ధతికి మారాలనుకుంటే ఒక నియమం తెలుసుకోండి. 2020 ఆగస్టు 1 నుంచి యూఎస్‌బీసీ పోటీల్లో పట్టుకోడానికి వాడని రంధ్రం బంతిలో ఉండకూడదు. బొటనవేలు పెట్టకపోతే ఆ రంధ్రం పూడ్పించుకోవాలి.

చివరగా, 10వ పిన్

హుక్ వచ్చిన కొత్తలో కుడిమూల పిన్ ఒక్కటే మిగిలితే దానికీ హుక్ వేయబోతారు. సరిగ్గా ఆ పిన్ ముందు బంతి వంగిపోతుంది. స్పేర్ కోసం, అంటే మిగిలినవాటిని రెండో బంతితో పడగొట్టడం కోసం తిన్నగా వేయడం నేర్చుకోండి. బొటనవేలు 12 దగ్గర, మణికట్టు కాస్త వెనక్కి వదులుగా. వదిలాక అరచెయ్యి పైకే చూస్తూ ఉండాలి, కరచాలనం వద్దు. నూనె మీద పెద్దగా పట్టు దొరకని ప్లాస్టిక్ బంతి అయితే ఇంకా నయం. అప్రోచ్ మీద, అంటే లైన్‌కి ముందు అడుగులు వేసే చోట ఎడమపక్కకి వెళ్ళి నిలబడి, ఫౌల్ లైన్‌కి కాకుండా 10వ పిన్‌కి ఎదురుగా భుజాలు తిప్పుకుని, మధ్యలో ఉన్న బాణం మీదుగా లేన్‌కి అడ్డంగా వేయండి. బంతి పిన్‌కి ఎడమగా పోతుంటే ఇంకో రెండు పలకలు ఎడమకి జరగండి. చెయ్యి మార్చకండి, కాళ్ళు మార్చండి.